చదివింపుల పుస్తకంలోకి ఎక్కని వరం

మా నాన్నగారి చేతిరాత ముత్యాల కోవలా ఉండేది. అందుకే మా ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా పందిట్లో ఒక మూల బల్ల వేసి, ఆయనను కూర్చోబెట్టి, చదివింపులు రాసే పని అప్పగించేవారు. ఎవరు ఎంత చదివించారో, ఎవరు స్టీలు బిందె తెచ్చారో, ఎవరు గోడ గడియారం తెచ్చారో, పేరు, ఇంటిపేరు, ఊరుతో సహా ఆయన ఆ పొడుగు పుస్తకంలో ఎక్కించేవారు. పెళ్ళి సందడి ముగిశాక ఆ పుస్తకం ఆ ఇంటి బీరువాలోకి చేరేది. మళ్ళీ ఐదేళ్ళకో పదేళ్ళకో చదివించినవారింట శుభకార్యం వచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి, పేరు వెతికి, అంతకు తగ్గకుండా, వీలైతే కొంచెం ఎక్కువే చదివించి వచ్చేవారు. ఈ పద్ధతిని నేను తప్పు పట్టడం లేదు. ఎన్నో పేద కుటుంబాలు ఆడపిల్లల పెళ్ళిళ్ళు గట్టెక్కించుకున్నది దీని ఆసరాతోనే. అయితే ఇందులో పుట్టి పెరిగిన మనకు, తిరిగి తీర్చనక్కరలేని బహుమానం ఒకటి ఉంటుందన్న మాట చెవికి ఎక్కినంత సులువుగా మనసుకు ఎక్కదు.

నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. గుంటూరు ప్రాంతంలోని మా లూథరన్ సంఘంలో పాతికేళ్ళకు పైగా సంఘ పెద్దగా ఉన్నారు. పిల్లలను సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ముందు చెప్పే కన్ఫర్మేషన్ తరగతులు ఆయనే చెప్పేవారు. నాకు చెప్పింది కూడా ఆయనే. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8వ వచనాన్ని ఆయన నల్లబల్ల మీద రాసి, మా అందరి చేత పదేపదే చదివించేవారు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." కృపను గురించి ఆయన చెప్పినంత తేటగా చెప్పినవారిని నేను తరువాత ఏ వేదిక మీదా వినలేదు. అటువంటి మనిషి, పక్షవాతంతో మంచం పట్టిన చివరి సంవత్సరంలో, ఒక రాత్రి నన్ను దగ్గరికి పిలిచి, మాట సరిగా పలకని నోటితో, "నేను చేసింది సరిపోతుందంటావా అమ్మా?" అని అడిగారు.

నేను ఆ రాత్రి ఆయనకు తప్పు జవాబు చెప్పాను. "మీరు ఎంత చేశారో ఊరందరికీ తెలుసు నాన్నా" అంటూ మొదలుపెట్టి, గుడి పైకప్పుకు ఆయన జీతంలోంచి ఇచ్చిన డబ్బు, ఫీజు కట్టి చదివించిన పిల్లలు, వర్షంలోనైనా మానని ఆదివారపు ఆరాధన, అన్నీ ఒక్కొక్కటిగా వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ముఖంలో తేరుకున్న జాడ ఏమీ కనబడలేదు. నేను చేసిన పని ఏమిటో నాకు కొన్ని రోజుల తరువాత అర్థమైంది. దేవుని ముందు నిలబడబోతున్న మనిషికి నేను ఇంకొక చదివింపుల పుస్తకం తెరిచి చదివి వినిపించాను. అందులోని మొత్తం సరిపోతుందో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ వ్యాసం ఆ రాత్రి నేను చెప్పవలసి ఉండి చెప్పలేకపోయిన జవాబు.

రోమా పత్రిక 4వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఈ లెక్కల పుస్తకాన్నే చేతికి తీసుకుంటాడు. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అంటాడు. పొద్దంతా పొలంలో పనిచేసిన కూలికి సాయంత్రం ఇచ్చే కూలిడబ్బును ఎవరూ దయ అనరు. అది ఆసామి అతనికి బాకీపడిన సొమ్ము. రక్షణ కూడా మన పనికి దొరికే కూలి అయిన పక్షంలో దేవుడు మనకు బాకీదారుడు కావాలి. అలాంటి దేవుడు బైబిలులో ఎక్కడా లేడు. ఆ మరుసటి వచనంలోనే పౌలు దేవుణ్ణి "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు" అంటాడు. చిన్నప్పటి నుంచి విని విని మనకు ఈ మాటలోని తీవ్రత తెలియదు గాని, ధర్మశాస్త్రం చదువుకున్న యూదునికి ఇది ఒళ్ళు జలదరించే మాట. దుష్టుణ్ణి నిర్దోషి అని తీర్పు చెప్పే న్యాయాధిపతి యెహోవాకు హేయుడని సామెతల గ్రంథం 17వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. మనుషులు చేస్తే హేయమైన పనిని దేవుడు ఎలా చేయగలడు? పౌలు ఈ ప్రశ్నను దాటవేయలేదు. దీనికి జవాబుగానే 3వ అధ్యాయం చివర సిలువను నిలబెట్టాడు: తాను నీతిమంతుడుగా ఉంటూనే యేసునందు విశ్వాసముంచినవాణ్ణి నీతిమంతునిగా తీర్చడానికి దేవుడు తన కుమారుని రక్తాన్ని ఇచ్చాడు. కాబట్టి "ఉచితముగా" అన్న మాట పుచ్చుకునేవాని వైపు నుంచి మాత్రమే నిజం. ఇచ్చినవాడు తన దగ్గర ఏమీ మిగుల్చుకోలేదు.

ఎఫెసీ వచనంలో తెలుగు చదువరులు ఆగి చూడవలసిన అక్షరం ఒకటి ఉంది. పౌలు రాసిన గ్రీకులో "మాత్రమే" అనే అర్థం వచ్చే విడి మాట ఆ వచనంలో లేదు. కృప వలన మీరు రక్షింపబడియున్నారని మాత్రమే ఉంది. మన అనువాదకులు "కృపచేత" అని ఊరుకోకుండా "కృపచేతనే" అన్నారు. ఆ చివరి ఏకారం తెలుగులో ఎంత పని చేస్తుందో మనకు తెలుసు. "అమ్మ వండింది" అన్న మాటకూ "అమ్మే వండింది" అన్న మాటకూ ఉన్న తేడా అది. రెండవ మాట విన్న తరువాత వంటింట్లో ఇంకెవరి చెయ్యీ వెతకము. మా లూథరన్ సంఘాలకు ఆ పేరు ఇచ్చిన జర్మను సంస్కర్త మార్టిన్ లూథరు కూడా 1522లో కొత్త నిబంధనను జర్మనులోకి తెచ్చినప్పుడు, మనిషి విశ్వాసం వలన నీతిమంతుడవుతాడని చెప్పే రోమా 3:28లో మూలంలో లేని "మాత్రమే" అన్న మాటను చేర్చాడు. దానిమీద పెద్ద దుమారం లేచింది. జర్మను మాట్లాడేవారు అటువంటి భావాన్ని అలాగే పలుకుతారని, పౌలు వాదనంతా ఆ మాటనే కోరుతోందని ఆయన 1530లో ఒక బహిరంగ లేఖ రాసి సమర్థించుకున్నాడు. ఎఫెసీ వచనంలో కూడా వాక్యం ఆ తరువాత నడిచే తీరు చూస్తే ఏకారం పెట్టడం న్యాయమే అనిపిస్తుంది: "మీవలన కలిగినది కాదు", "క్రియలవలన కలిగినది కాదు", "ఎవడును అతిశయపడ వీలులేదు."

ఈ ఏకారం అందరికీ నచ్చలేదు. నచ్చనివారంతా చెడ్డవారు కూడా కారు. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాగియస్ నిష్ఠాపరుడు. ఆ నగరంలో క్రైస్తవులమని చెప్పుకునేవారి విచ్చలవిడి బ్రతుకులు చూసి ఆయనకు బాధ కలిగింది. హిప్పో నగరపు బిషప్పు అగస్టీను రాసుకున్న ఒక ప్రార్థనను ఎవరో ఆయన ముందు చదివారు. "నీవు ఆజ్ఞాపించేదాన్ని నాకు అనుగ్రహించు, ఆ తరువాత నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు" అన్నది ఆ ప్రార్థన. పెలాగియస్ దాన్ని సహించలేకపోయాడు. అన్నీ దేవుడే ఇవ్వాలంటే మనుషులు ఇక ప్రయత్నం ఎందుకు చేస్తారన్నది ఆయన భయం. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. బడిపంతులు కూతురిగా కొంతవరకు నాకూ ఉన్నది. కానీ అగస్టీనుకు తన సొంత మనసు తెలుసు. మంచిని కోరుకోవడానికి కూడా బలం చాలని సంవత్సరాలు ఆయన గడిపాడు. "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని కొరింథీయులను పౌలు అడిగిన ప్రశ్నను ఆయన తన వాదానికి ఆధారం చేసుకున్నాడు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో కూడిన బిషప్పుల సభ పెలాగియస్ బోధను తిరస్కరించింది. 529లో ఆరెంజి సభ ఇంకొక అడుగు ముందుకు వేసి, విశ్వాసపు తొలి అంకురం కూడా, నమ్మాలన్న ఆ మొదటి కోరిక కూడా, కృప వలన కలిగేదేనని తీర్మానించింది.

మొదటి అడుగు ఎవరిదన్న ఈ ప్రశ్న మన దక్షిణ దేశానికి కొత్త కాదు. శ్రీవైష్ణవులు దీన్ని కోతిపిల్ల, పిల్లికూన పోలికలతో చర్చించారు. మర్కట కిశోర న్యాయంలో పిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. మార్జాల కిశోర న్యాయంలో తల్లే కూనను నోట కరచుకుని మోసుకుపోతుంది, కూన చేసేది ఏమీ ఉండదు. వారిలో వడగలై శాఖవారు మొదటి పోలికను, తెంగలై శాఖవారు రెండవదాన్ని పట్టుకున్నారు. "నిర్హేతుక కృప" అన్న గంభీరమైన మాట ఆ సంప్రదాయం నుంచే మన భాషకు అందింది. రెండు విశ్వాసాలూ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. సిలువ మీద జరిగినదానికి ఆ పోలికల్లో చోటు లేదు, నా నమ్మకమంతా ఆ సిలువ మీదనే ఉన్నది. అయినా ఆదివారపు బడిలో పిల్లలు కృప అంటే ఏమిటని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చేది పిల్లికూనే. తల్లి నోట వేలాడుతున్న ఆ కూన తన పట్టు ఎంత గట్టిదని ఆలోచించదు.

లూథరు కథలో చాలామందికి గుర్తుండేది 1517 అక్టోబరు 31, విట్టెన్‌బర్గు, 95 వాదాంశాలు. పాపపరిహార పత్రాల అమ్మకం మీద ఆయన తిరుగుబాటు అక్కడ మొదలైన మాట నిజమే. నన్ను పట్టి నిలిపేది మాత్రం అంతకు ముందటి పన్నెండేళ్ళు. 1505లో పిడుగుపాటుకు భయపడి మొక్కుకుని ఎర్‌ఫర్టులోని అగస్టీనియన్ మఠంలో చేరిన ఆ యువకుడు ఉపవాసాలు ఉన్నాడు, చలిలో జాగరణలు చేశాడు, తన గురువు స్టౌపిట్జ్ విసిగిపోయేటంతగా గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నాడు. అన్నీ చెప్పానా, నిజంగానే పశ్చాత్తాపపడ్డానా, సరిపోయిందా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. "దేవుని నీతి" అన్న మాట మీదనే తనకు ద్వేషం ఉండేదని, దేవుడు పాపులను శిక్షించే నీతి అదేనని అనుకునేవాడినని ఆయన 1545లో, అంటే చనిపోవడానికి ఒక సంవత్సరం ముందు రాసిన ముందుమాటలో చెప్పుకున్నాడు. రోమా 1:17 మీద రాత్రింబగళ్ళు ధ్యానించగా, అది దేవుడు పాపికి వరంగా తొడిగే నీతి అని గ్రహించిన నాడు, తెరిచిన ద్వారాల గుండా పరదైసులోకి అడుగుపెట్టినట్టు అనిపించిందట. మా నాన్నగారు నన్ను అడిగిన ప్రశ్నా, ఆ మఠంలోని యువకుణ్ణి పీడించిన ప్రశ్నా ఒక్కటే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రోమన్ కాథలిక్కులు క్రియల వలన రక్షణ కలుగుతుందని బోధిస్తారని మనవైపు చాలామంది తేలికగా అనేస్తారు. కానీ లూథరు బోధకు జవాబుగా కాథలిక్ సంఘం జరిపిన ట్రెంటు సభ 1547లో చేసిన తీర్మానాల్లో మొట్టమొదటిదే, క్రీస్తు ద్వారా కలిగే కృప లేకుండా మనిషి తన సొంత క్రియలతో నీతిమంతుడు కాగలడన్న వాదాన్ని ఖండిస్తుంది. విభేదం ఉన్నది, అది చిన్నదీ కాదు. విశ్వాసం మాత్రమే అన్న మాట దగ్గర, కృప మనిషిలో చేసే పనికి ఏ స్థానం ఇవ్వాలన్న దగ్గర ఆ సభ లూథరుతో విడిపోయింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి సంతకం చేసిన ప్రకటన, మనలోని ఏ యోగ్యతా కారణం కాకుండా కృప చేతనే దేవుడు మనలను అంగీకరిస్తాడని ఉమ్మడిగా ఒప్పుకున్నది. మెథడిస్టులు 2006లో దానితో కలిశారు. ఐదు వందల ఏళ్ళ నాటి నిందను ఇంకా మన ప్రసంగాల్లో అలాగే వల్లించడం సత్యం పట్ల గౌరవం అనిపించుకోదు.

పైగా ఆ నింద వేసే మనం నిజంగా కృప మీద ఆనుకుని ఉన్నామా? మన సభల్లో సాక్ష్యాలు వినండి. "నలభై దినాలు ఉపవాసం ఉన్నాను, దేవుడు కార్యం చేశాడు", "దశమభాగం ఎగ్గొట్టలేదు, అందుకే ఆశీర్వదించాడు", "నా విశ్వాసం గొప్పది కాబట్టి స్వస్థత వచ్చింది." ఉపవాసం మంచిది, దశమభాగం మంచిది. కానీ ఆలయంలో నిలబడి ప్రార్థించిన పరిసయ్యుడు కూడా సరిగ్గా ఈ రెండింటినే, వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదియవ వంతు అని లెక్క చెప్పాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళినవాడు దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న సుంకరి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది విశ్వాసాన్నే క్రియగా మార్చేయడం. స్వస్థత రాని రోగికి "నీ విశ్వాసం చాలలేదు" అని చెప్పేవారు కృపను మళ్ళీ జీతంగా మారుస్తున్నారు. కూలి చేతికి బదులు మనసుతో చేయాలి, అంతే తేడా. మంచం మీద ఉన్న మనిషికి అంతకన్నా క్రూరమైన మాట ఉండదు. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, విశ్వాస ప్రమాణపు మూడవ భాగానికి ఇచ్చిన వివరణ మొదలయ్యేదే ఒక ఒప్పుకోలుతో: నా సొంత బుద్ధి చేతగాని, బలం చేతగాని నేను నా ప్రభువైన యేసుక్రీస్తును నమ్మలేను, ఆయన యొద్దకు రాలేను, పరిశుద్ధాత్మ సువార్త ద్వారా నన్ను పిలిచాడు. నమ్ముతున్నానని చెప్పుకునే మాటలోనే, నమ్మడం నా వల్ల కాదన్న ఒప్పుకోలు ఉంది.

మన నేల మీద కృపకు సాక్ష్యంగా నేను తలచుకునే సంఘటన ఒంగోలు ప్రాంతంలోనిది. అది బాప్టిస్టుల చరిత్ర, మా లూథరన్లది కాదు. మా సంఘం మూలం 1842 జూలై 31న గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు దగ్గర ఉన్నది. 1876 నుంచి 1878 వరకు కరువు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసినప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. పని చేస్తున్నవారిలో, ముఖ్యంగా మాదిగలలో, చాలామంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఆయన కరువు సాయం సాగినంత కాలం ఇవ్వలేదు. కాలువ పనులు ముగిశాక కూడా వారు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు.

క్లౌ జాగ్రత్త మెచ్చదగినదే. కానీ "అన్నం కోసం చేరినవారు" అన్న మాట ఇప్పటికీ మా తాతల తరాన్ని తలుచుకుని అనేవారు ఉన్నారు, దానికి నా జవాబు వేరుగా ఉంటుంది. ఒక్క మనిషైనా పూర్తిగా శుద్ధమైన ఉద్దేశంతో దేవుని దగ్గరికి వచ్చాడా? భయంతో వచ్చినవారు ఉన్నారు, లూథరు పిడుగుకు భయపడే కదా మఠంలో చేరాడు. జబ్బుతో, అప్పుతో, ఒంటరితనంతో వచ్చినవారు ఉన్నారు. వచ్చేవాడి ఉద్దేశం ముందు కడిగి ఆరేయాలంటే ఆ కడగడం కూడా ఒక క్రియే అవుతుంది. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో సాయంకాలం అయిదు గంటలకు పనికి వచ్చినవారికి కూడా యజమాని నిండు దేనారమే ఇచ్చాడు. పొద్దుటి నుంచి ఎండలో కష్టపడినవారు సణిగినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న మన తెలుగు బైబిలులో ఎంత సూటిగా ఉన్నదో చూడండి: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" పుట్టుకే పూర్వకర్మకు శిక్ష అని తరతరాలుగా విన్న మనుషులకు, గుడి గడప, ఊరి బావి అంటరాదన్న మాట పడిన మనుషులకు, "ఉచితముగా" అన్న మాట ఎలా వినబడి ఉంటుందో, గడపలోపల పుట్టినవారు ఊహించలేరు. వారి దగ్గర చదివించడానికి ఏమీ లేదు. ఏమీ లేనివారికి ఇచ్చినప్పుడే వరం వరంలా కనబడుతుంది.

అలాగైతే పాపం చేస్తూ ఉందామా అన్న ప్రశ్న పౌలుకే ఎదురైంది. రోమా 6లో అట్లనరాదని తోసిపుచ్చాడు. 8వ వచనంలో కృపను, 9లో క్రియలు కారణం కావన్న మాటను చెప్పిన ఎఫెసీ పత్రిక, 10వ వచనంలో దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామని చెబుతుంది. సత్క్రియలు ఉన్నాయి, తప్పక ఉండాలి. వరసలో వాటి చోటు మాత్రం తరువాత. ఈ వరస తలక్రిందులైనప్పుడే నాన్నగారి వంటి నిజాయితీపరుడు రాత్రులు నిద్ర లేకుండా లెక్క చూసుకుంటాడు.

చనిపోయినప్పుడు లూథరు దగ్గర దొరికిన చివరి కాగితం మీద, మనం బిచ్చగాళ్ళం, ఇది నిజం అన్న మాటలు ఉన్నాయి. 1546 ఫిబ్రవరిలో, ఐస్లేబెన్‌లో. మన పాత క్రైస్తవ కీర్తనల్లో భక్తుడు క్రీస్తు పాదాల దగ్గర "దేహి" అంటూ నిలబడినప్పుడల్లా నాకు ఆ కాగితం గుర్తుకు వస్తుంది.

నాన్నగారు పోవడానికి మూడు వారాల ముందు పాస్టరుగారు ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వడానికి మా ఇంటికి వచ్చారు. మంచం పక్కన చిన్న బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, రొట్టె, గిన్నె సిద్ధం చేస్తుండగా నాన్నగారు కంగారుగా ఎడమచేత్తో దిండు కింద తడుముకోవడం మొదలుపెట్టారు. ఏమిటో అర్థమై నేను తీసి ఇచ్చాను. కానుక కవరు. బల్ల దగ్గరికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని ఆయన జీవితమంతా పాటించిన నియమం. దాన్ని పాస్టరుగారి వైపు చాపి, "ముందు ఇది" అన్నారు.

పాస్టరుగారు ఆ కవరును అందుకోలేదు. మంచం అంచున కూర్చుని, చాపిన ఆ చేతిని మెల్లగా దించి, "ముందు మీరు తీసుకోండి మాస్టారూ" అన్నారు.

నాన్నగారు చాలాసేపు ఆయన ముఖంలోకి చూశారు. కుడిచెయ్యి ఎలాగూ లేవదు. ఎడమచేతిలో కవరు ఉంది. దాన్ని దుప్పటి మీద వదిలేసి, చంటిపిల్లవాడిలా నోరు తెరిచారు.

ఆ కవరును మరుసటి ఆదివారం నేను గుడికి తీసుకువెళ్ళి కానుకల సంచిలో వేశాను. ఎవరు ఇచ్చారో దాని మీద రాయవద్దని నాన్నగారే చెప్పారు.